సందేహాలు – సమాధానాలు: వాటంతటవే వెళ్ళే మెయిళ్ళు ఎక్కడ ఆగాలి?

ఈసారి శీర్షిక మొత్తం ఈ-మెయిల్ ఆటోమేషన్‌కే కేటాయించాం. ఒకసారి రాసిపెడితే కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ వరసగా వెళ్ళే మెయిళ్ళ గురించి చిన్న వ్యాపారులు పంపిన ప్రశ్నలివి. పొడుగు ఉత్తరాలను కుదించాం. ఊరు, వృత్తి తప్ప పేర్లు వేయలేదు.

ప్రశ్న: చేనేత చీరలు వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. సైట్‌లో ఈ-మెయిల్ ఇచ్చినవాళ్ళు 1,400 మంది దాకా పోగయ్యారు. పండగలకి తప్ప వాళ్ళకి ఏమీ పంపలేదు. కొత్తగా చేరేవాళ్ళకి ఆటోమేటిక్ మెయిళ్ళు పెడదామనుకుంటున్నాం. ఎన్ని పెట్టాలి, ఎన్నాళ్ళకొకటి, దేంట్లో ఏం రాయాలి?
— చీరల వ్యాపారి, మంగళగిరి

జవాబు: మెయిల్ రాయడానికి కూర్చునేముందు కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. ఈ వరసలోకి ఎవరు వస్తారు? ఏం జరిగితే బయటికి పోతారు? ఒకసారి పోయినవాళ్ళు మళ్ళీ రావచ్చా? మొదటిది అందరూ రాస్తారు. రెండోది రాయకపోవడం వల్లే నిన్న చీర కొన్నావిడకి ఇవాళ ‘ఇంకా ఆలోచిస్తున్నారా? ఇదిగో 10% తగ్గింపు’ అని వెళ్తుంది. ఆవిడ ఫోన్ చేసి ఆ 10% వెనక్కి ఇమ్మంటుంది. అడగడంలో తప్పు కూడా లేదు.

లోపలికి వచ్చే దారి దగ్గర ఒక జాగ్రత్త ఉంది. ట్రిగ్గర్ (వరసని మొదలుపెట్టే షరతు) ‘లిస్టులో చేరితే’ అని కాకుండా ‘ఈ ఫారం నింపితే’ అని పెట్టండి. లేకపోతే ఎప్పుడో ఎగ్జిబిషన్‌లో రాయించుకున్న 300 పేర్లు ఎక్సెల్ నుంచి లిస్టులోకి ఎక్కించిన రోజున, ఆ 300 మందికీ ‘ఇప్పుడే చేరినందుకు ధన్యవాదాలు’ వెళ్ళిపోతుంది. మీ పాత 1,400 మందిని కూడా ఇందులో వేయొద్దు. వాళ్ళకి విడిగా ఒక్క మెయిల్ పంపండి: మేం ఫలానా, నెలకి రెండు మెయిళ్ళు పంపుతాం, వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి. పోయేవాళ్ళు పోతారు, పోనివ్వండి.

ఇక వరస. మీ సరుకుకి 12 రోజుల్లో ఐదు మెయిళ్ళు చాలు.

మొదటిది చేరిన 5 నిమిషాల్లోపు వెళ్ళాలి. ఫారం దగ్గర ఏం ఇస్తామన్నారో అదే ముందు ఇవ్వండి. జరీ అంచు నూలు చీరని మొదటిసారి ఎలా ఉతకాలో, ఎలా మడత పెట్టాలో ఒక పేజీ అన్నారనుకుందాం, ఆ లింకు పైనే ఉండాలి. కింద ఒకే ప్రశ్న: చీర దేనికి చూస్తున్నారు? పెళ్ళికి, ఆఫీసుకి, ఎవరికైనా పెట్టడానికి అని మూడు లింకులు పెట్టి, దేని మీద నొక్కితే ఆ ట్యాగ్ (సాఫ్ట్‌వేర్‌లో ఆ మనిషి పేరు పక్కన పడే గుర్తు) పడేలా చేయండి. ఈ ఒక్క క్లిక్కు తరవాతి మెయిళ్ళన్నిటికీ పనికొస్తుంది.

రెండోది రెండు రోజుల తరవాత. చేనేత బట్టని మరమగ్గం బట్ట నుంచి ఎలా పోల్చుకోవాలి, హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఎక్కడుంటుంది, దగ్గరగా తీసిన రెండు ఫొటోలు. ఇందులో అమ్మకం మాట ఎత్తొద్దు.

మూడోది ఆరో రోజు. ధర గురించి దాపరికం లేకుండా రాయండి: నూలుకెంత, జరీకెంత, నేసినవాళ్ళ మజూరీ ఎంత, మగ్గం మీద ఎన్ని రోజులు. చీర దగ్గర ఆగిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఈ లెక్క దగ్గరే ఆగుతారు. మీ సొంత లెక్కలే రాయాలి సుమా, నెట్‌లో దొరికినవి కాదు.

నాలుగోది తొమ్మిదో రోజు. పడిన ట్యాగ్‌ని బట్టి ఐదు చీరలు, ధరలతో. ఏ ట్యాగూ పడనివాళ్ళకి ఎక్కువ అమ్ముడయ్యే ఐదు. ఐదోది పన్నెండో రోజు. ఏదైనా ఆఫర్ ఉంటే ఇక్కడ, ఆఖరు తేదీతో. ఆ తేదీ నిజంగా ఆఖరు తేదీ కావాలి. గడువు దాటినా కూపన్ పనిచేస్తుంటే, రెండోసారి మీరు పెట్టే గడువుని ఎవరూ నమ్మరు.

సాఫ్ట్‌వేర్‌లో ఈ వరస అమర్చేటప్పుడు చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ‘కొన్నారా?’ అని చూసే పెట్టె, ‘3 రోజులు ఆగు’ అనే పెట్టె, మెయిల్ పెట్టె మూడూ ఉంటాయి. కొన్నారా అని చూసి, 3 రోజులు ఆగి, మెయిల్ పంపేలా అమరిస్తే, ఆ 3 రోజుల్లో కొన్నవాళ్ళకి కూడా మెయిల్ వెళ్తుంది. ముందు ఆగాలి, అప్పుడు చూడాలి, వెంటనే పంపాలి. ప్రతి మెయిల్ ముందూ ఇదే క్రమం. ‘కొంటే వరస నుంచి తీసెయ్యి’ అనే ఏర్పాటు మీ సాఫ్ట్‌వేర్‌లో విడిగా ఉంటే అదీ పెట్టండి.

మీ ఆర్డర్లలో సగం వాట్సాప్‌లో వస్తున్నాయని రాశారు. అసలు చిక్కు అది. అక్కడ కొన్న సంగతి మెయిల్ సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. ఆర్డరు తీసుకునేటప్పుడే అడ్రసుతోపాటు ఈ-మెయిల్ కూడా అడగండి. సాయంత్రం కొట్టు కట్టేముందు ఆ రోజు వాట్సాప్ కొనుగోలుదార్లందరికీ ‘కొన్నారు’ ట్యాగ్ వేయండి. ఇది రోజూ కుదరదనుకుంటే ఐదో మెయిల్‌లో ఆఫర్ పెట్టకపోవడమే మేలు.

వేళ సంగతి. రాత్రి 11:40కి ఎవరైనా చేరితే ‘2 రోజుల తరవాత’ అంటే ఎల్లుండి రాత్రి 11:40. పంపే వేళలు ఉదయం 10 నుంచి రాత్రి 7 మధ్య అని హద్దు పెట్టండి. అమెరికాలో మీకు కొనేవాళ్ళున్నారంటున్నారు కాబట్టి వాళ్ళని దేశం బట్టి విడదీయండి. ఇక్కడ ఉదయం 10 అంటే న్యూజెర్సీలో ఎండాకాలం అర్ధరాత్రి 12:30, చలికాలం ముందురోజు రాత్రి 11:30. మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ‘అందుకునేవారి టైమ్‌జోన్’ అనే వెసులుబాటు ఉంటే అది చాలు, లేకపోతే వాళ్ళ వరసని ఇక్కడి సాయంత్రం 7:30కి పెట్టండి, అక్కడ పొద్దున్న అవుతుంది.

ప్రశ్న: పసుపు, పప్పులు రైతుల దగ్గర కొని నేరుగా ఇళ్ళకి పంపుతాం. మెయిళ్ళన్నీ స్పామ్‌లో పడుతున్నాయని కస్టమర్లే చెబుతున్నారు. మా షాపు పేరుతో ఉన్న జీమెయిల్ అడ్రసునే ‘ఫ్రమ్’లో పెట్టి ఒక మెయిలింగ్ సర్వీసు ద్వారా పంపుతున్నాం.
— నిజామాబాద్

జవాబు: కారణం మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది. జీమెయిల్ అడ్రసు పేరుతో వేరే సర్వీసు సర్వర్లు మెయిల్ పంపితే, అది నిజంగా మీరు పంపారో మీ పేరు వాడుకుని ఇంకెవరు పంపారో అందుకునే సర్వర్‌కి తేల్చుకునే దారి ఉండదు. జీమెయిల్ డొమైన్ (అడ్రసులో ‘ఎట్’ గుర్తు తరవాత వచ్చే పేరు) గూగుల్‌ది, దాని మీద మీకు ఏ హక్కూ లేదు. సొంత డొమైన్ కొనండి, ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది. ఆ డొమైన్ డీఎన్‌ఎస్ (ఆ పేరు మీద ఇంటర్‌నెట్‌లో అందరికీ కనిపించే వివరాల పట్టిక) సెట్టింగుల్లో మూడు రికార్డులు పెట్టాలి.

ఎస్‌పీఎఫ్: నా తరఫున ఫలానా సర్వర్లు మెయిల్ పంపవచ్చు అని చెప్పే జాబితా. ఒక డొమైన్‌కి ఒక్క ఎస్‌పీఎఫ్ రికార్డే ఉండాలి. ఆఫీసు మెయిళ్ళకి ఒకటి ముందే ఉండి, మార్కెటింగ్ సర్వీసువాళ్ళు ఇచ్చిన రెండోదాన్ని పక్కన చేరిస్తే రెండూ చెల్లవు. పాతదాంట్లోనే కొత్త ‘ఇన్‌క్లూడ్’ భాగాన్ని కలపాలి. అలా కలుపుతూ పోయినా, ఆ జాబితాని సరిచూడటానికి అందుకునే సర్వర్ చేయాల్సిన డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. ఎప్పుడో వాడి మానేసిన సర్వీసులను అందులోంచి తీసేయండి.

డీకిమ్: ప్రతి మెయిల్ మీదా పడే డిజిటల్ సంతకం. తాళం (ఆ సంతకాన్ని సరిచూసే కోడ్) 2048 బిట్లది ఎంచుకోండి. ఆ పొడవైన అక్షరాల దండని కాపీ చేసి డీఎన్‌ఎస్‌లో అతికించేటప్పుడు మధ్యలో ఒక ఖాళీ దూరడం, చివర తెగిపోవడం మామూలుగా జరిగేవే.

డీమార్క్: పై రెండూ తప్పితే ఏం చేయాలో అందుకునే సర్వర్‌కి చెప్పే రికార్డు. ‘నన్’ (ఏమీ చేయొద్దు) అనే పాలసీతో మొదలుపెట్టి, రిపోర్టులు రెండు మూడు వారాలు చూసి, మీ సొంత మెయిళ్ళన్నీ పాసవుతున్నాయని తేలాకే ‘క్వారంటైన్’ (స్పామ్‌లో వేయి)కి మార్చండి. తొందరపడి మొదటిరోజే ‘రిజెక్ట్’ (తిప్పికొట్టు) పెడితే, ఎక్కడో మర్చిపోయిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే ఇన్‌వాయిస్‌లు కూడా చేరకుండా పోతాయి.

రోజుకి 5,000కి పైగా జీమెయిల్ అడ్రసులకు పంపేవాళ్ళకి ఈ మూడూ 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. యాహూ కూడా అప్పుడే నియమాలు పెట్టింది, అవుట్‌లుక్ 2025 మే నుంచి. మీరు అంతమందికి పంపరు, అయినా మూడూ పెట్టండి. స్పామ్ ఫిర్యాదుల హద్దు మాత్రం చిన్నా పెద్దా అందరికీ ఒకటే: 0.3% చేరకూడదు, 0.1% లోపు ఉంటే నిశ్చింత. వెయ్యిమందికి పంపితే ముగ్గురు ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కడమే 0.3% అని గుర్తుంచుకోండి.

సరిగ్గా పెట్టారో లేదో చూసుకోవడం తేలిక. మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపించుకుని, కంప్యూటర్‌లో తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడిటి ఎదురుగా ‘పాస్’ అని ఉండాలి. డీకిమ్ పాసైనా పక్కన మీ డొమైన్ బదులు సర్వీసు డొమైన్ పేరుంటే పని సగమే అయినట్టు.

కొత్త డొమైన్ నుంచి మొదటిరోజే లిస్టు మొత్తానికి పంపొద్దు. గత 3 నెలల్లో కొన్నవాళ్ళలో ఒక 200 మందితో మొదలుపెట్టండి, ఫిర్యాదులు, బౌన్సులు (చేరకుండా వెనక్కి వచ్చే మెయిళ్ళు) లేకపోతే రెండు మూడు రోజులకోసారి రెట్టింపు చేసుకుంటూ పొండి.

ప్రశ్న: 50,000 ఈ-మెయిల్ అడ్రసులు తక్కువ ధరకి అమ్ముతామంటున్నారు. వాటికి వెల్‌కమ్ సీక్వెన్స్ (కొత్తవాళ్ళకి వరసగా వెళ్ళే స్వాగత మెయిళ్ళు) నడపొచ్చా?
— ఇంటీరియర్ డిజైనర్, విజయవాడ

జవాబు: వద్దు. వాళ్ళెవరూ మీకు అనుమతివ్వలేదు. ఆ జాబితాల్లో మూతపడ్డ అడ్రసులు, స్పామర్లని పట్టుకోవడానికి వలగా పెట్టిన అడ్రసులు కలిసే ఉంటాయి. ఒక్కసారి పంపితే మీ డొమైన్ పేరు చెడుతుంది, తరవాత నిజమైన కస్టమర్‌కి పంపే కొటేషన్ కూడా స్పామ్‌కే పోతుంది. మెయిలింగ్ సర్వీసులు కొన్న జాబితాలని ఒప్పుకోవు, ఖాతా ఆపేస్తాయి.

ప్రశ్న: ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్ముతున్నాం. చాలామంది కార్టులో వేసుకుని, పేమెంట్ దాకా వచ్చి వదిలేస్తున్నారు. గుర్తుచేసే మెయిళ్ళు పెట్టాం. ‘డబ్బు కట్ అయింది, మీరేమో కొనలేదంటారా’ అని తిట్లు వస్తున్నాయి.
— విశాఖపట్నం

జవాబు: మీ మొదటి మెయిల్ 15 నిమిషాలకే వెళ్తోందని రాశారు. యూపీఐలో కొన్నిసార్లు కస్టమర్ ఖాతాలో డబ్బు తగ్గినా, పేమెంట్ గేట్‌వే నుంచి మీ సైట్‌కి ఖబురు ఆలస్యంగా చేరుతుంది. అప్పటిదాకా ఆర్డరు ‘పెండింగ్’లో ఉంటుంది, మెయిల్ సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసిన కార్టు అనుకుంటుంది. రెండు మార్పులు చేయండి. మొదటి మెయిల్‌ని గంటకి జరపండి. ‘పెండింగ్’, ‘ఫెయిల్డ్’ ఆర్డర్లని కార్టు వరస నుంచి పూర్తిగా తీసేసి వాటికి వేరే మెయిల్ ఒకటి రాయండి: ‘మీ పేమెంట్ ఇంకా మాకు నిర్ధారణ కాలేదు. డబ్బు కట్ అయి ఉంటే మళ్ళీ కట్టకండి, ఈ మెయిల్‌కే జవాబివ్వండి.’ ఈ ఒక్క మెయిల్ తిట్లని సగం ఆపుతుంది.

ఇక వదిలేసినవాళ్ళ వరస. గంటకి మొదటిది: బొమ్మ ఫొటో, ధర, డెలివరీ ఛార్జీతో కలిపి మొత్తం ఎంతో, నొక్కితే అదే కార్టు తెరుచుకునే లింకు. డెలివరీ ఛార్జీ చివర్లో బయటపడటం వల్ల వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది, అందుకని దాచకండి. 24 గంటలకి రెండోది: బొమ్మ విరిగి చేరితే ఏం చేస్తారు, క్యాష్ ఆన్ డెలివరీ ఉందా, ఎన్ని రోజుల్లో చేరుతుంది. మూడోది మూడో రోజు, అదీ కావాలనుకుంటేనే. కూపన్ ఇస్తే ఇక్కడే, ఒక్కసారే పనిచేసే విడి కోడ్‌తో. మొదటి మెయిల్‌లోనే కూపన్ ఇచ్చే షాపుల్లో కార్టులో వేసి వదిలేయడమే కొనే పద్ధతి అయిపోతుంది.

మీవి చేతిపని బొమ్మలు, కొన్ని ఒక్కొక్కటే ఉంటాయి. పంపేముందు స్టాకు చూసే షరతు పెట్టకపోతే, అమ్ముడైపోయిన వీణ బొమ్మని మూడు రోజులపాటు గుర్తుచేస్తూనే ఉంటుంది. ఒక మనిషి 14 రోజుల్లో ఒక్కసారే ఈ వరసలోకి రావాలని కూడా పెట్టండి. ఊరికే చూడటానికి రోజూ కార్టులో వేసేవాళ్ళుంటారు.

ప్రశ్న: గ్రూప్-2 టెస్ట్ సిరీస్ అమ్ముతాం. ఉచిత టెస్టు రాసినవాళ్ళకి ఆరు మెయిళ్ళు వెళ్తాయి. ఓపెన్ రేటు 60% పైనే చూపిస్తోంది, చేరేవాళ్ళు మాత్రం లేరు. తెరవనివాళ్ళకి మళ్ళీ పంపమని సలహా ఇస్తున్నారు.
— కోచింగ్ సెంటర్, అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: ఆ 60%ని పక్కన పెట్టండి. మెయిల్‌లో కనిపించని చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది, అది లోడ్ అయితే ‘తెరిచారు’ అని లెక్క. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో ఆపిల్ తెచ్చిన ఏర్పాటు వల్ల, దాన్ని ఆన్ చేసుకున్నవాళ్ళ మెయిల్ యాప్‌లో మనిషి తెరవకపోయినా ఆ బొమ్మ ముందే లోడ్ అవుతుంది. అటువైపు, బొమ్మలు ఆపుకుని చదివేవాళ్ళు తెరిచినా లెక్కలోకి రారు. కాబట్టి ‘తెరవకపోతే’ అనే షరతు మీద వరసని చీల్చడం ఇసుక మీద గోడ కట్టినట్టే. తెరవనివాళ్ళకి మళ్ళీ పంపితే, చదివేసిన కొందరికి అదే మెయిల్ రెండోసారి వెళ్తుంది.

క్లిక్కుని చూడండి, దాన్ని కూడా కళ్ళు మూసుకుని నమ్మకండి. కొన్ని కంపెనీల మెయిల్ సర్వర్లలో ఉండే భద్రతా సాఫ్ట్‌వేర్, మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే అందులోని లింకులన్నీ నొక్కి చూస్తుంది. ఒకే నిమిషంలో అన్ని లింకుల మీదా క్లిక్కులు పడి ఉంటే అది మనిషి కాదు.

మీ చేతిలో వీటన్నిటికన్నా గట్టి సమాచారం ఉంది: ఎవరు టెస్టు పూర్తిచేశారు, ఎన్ని మార్కులొచ్చాయి, ఎందులో తక్కువ. ఆ లెక్క మీద వరసని చీల్చండి. టెస్టు మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళకి మరుసటిరోజు ‘28వ ప్రశ్న దగ్గర ఆగారు, అక్కడినుంచి కొనసాగించండి’ అని వెళ్ళాలి. ఎకానమీలో తక్కువ వచ్చినవాళ్ళకి ఎకానమీ జవాబుల వివరణ, పాలిటీలో తక్కువ వచ్చినవాళ్ళకి పాలిటీది. ఫీజు మాట వివరణ చేరిన రెండు రోజుల తరవాతే. ఇప్పుడు మీ ఆరింటిలో నాలుగు ‘సీట్లు అయిపోతున్నాయి’ అంటున్నాయి. ఆన్‌లైన్ టెస్టుకి సీట్లేమిటని ఏ అభ్యర్థైనా అనుకుంటాడు.

ప్రశ్న: మెయిళ్ళు తెలుగులోనే పంపుతున్నాం. కొందరికి పేరు స్థానంలో ‘కె. గారూ’ అనీ, కొందరికి ప్రశ్నార్థకాలూ వస్తున్నాయి. పోస్టరు ఇమేజ్‌గా పెట్టి పంపితే ఈ గొడవలుండవు కదా?
— పిల్లల పుస్తకాల అమ్మకందారు, తిరుపతి

జవాబు: పోస్టరు దారి పట్టొద్దు. ఇమేజ్ లోడ్ కాకపోతే మెయిల్ ఖాళీగా కనిపిస్తుంది, లోపలి మాటలు వెతికినా దొరకవు, స్పామ్ ఫిల్టర్లకి మాటల్లేని మెయిల్ అంటే అనుమానం. అక్షరాలు అక్షరాలుగానే ఉండాలి, బొమ్మ బొమ్మగా ఉండాలి, ఆ బొమ్మ కనిపించకపోతే చూపించే మాట కూడా రాసి ఉంచాలి.

‘కె.’ ఎక్కడినుంచి వచ్చిందంటే, ఫారంలో ‘కె. లక్ష్మి’ అని రాసినవాళ్ళ పేరుని సాఫ్ట్‌వేర్ మొదటి ఖాళీ దగ్గర విరిచి, ముందు ముక్కే పేరనుకుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుందని దానికి తెలియదు. ఫారంలో ‘పూర్తి పేరు’ తీసేసి ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని ఒకే గడి పెట్టండి. పేరు లేనివాళ్ళకి ‘నమస్కారం’ అని మాత్రమే పడేలా అమర్చండి. పేరు వెంటనే ‘కి’, ‘కు’ అతికించకండి, ఒకరికి సరిపోయింది ఇంకొకరికి సరిపోదు. మధ్యలో ‘గారు’ ఉంటే ‘గారికి’, ‘గారి’ అందరికీ ఒకటే, పేరు ఇంగ్లీషులో రాసి ఉన్నా ఇబ్బంది లేదు.

ప్రశ్నార్థకాలు ఎక్సెల్ పని. తెలుగు పేర్లున్న ఫైలుని మామూలు ‘సీఎస్‌వీ’గా సేవ్ చేస్తే అక్షరాలు పోయి ప్రశ్నార్థకాలు మిగులుతాయి, తరవాత వెనక్కి రావు. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ (అన్ని భాషల అక్షరాలూ నిలిచే పద్ధతి) అని విడిగా ఉంటుంది, అది ఎంచుకోండి.

ఇంకొక సంగతి. జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ని మధ్యలో కోసేసి ‘మిగతాది చూడండి’ అని లింకు పెడుతుంది. తెలుగు అక్షరాలు చోటు ఎక్కువ తింటాయి: ‘లక్ష్మి’ మనకి చిన్న మాటే, యూటీఎఫ్-8 లెక్కలో 21 బైట్లు. రంగుల టెంప్లేట్‌లో పొడుగు వ్యాసం పెడితే, చిట్టచివరి అన్‌సబ్‌స్క్రైబ్ లింకే కోతలో పోతుంది, దొరకనివాళ్ళు స్పామ్ బటన్ నొక్కుతారు. సబ్జెక్టు లైన్‌లో ముఖ్యమైన మాటలు ముందు పెట్టండి, ఫోన్‌లో నాలుగైదు మాటలకి మించి కనిపించవు.

ప్రశ్న: పచ్చళ్ళు ఒకసారి కొన్నవాళ్ళకి మళ్ళీ ఎప్పుడు గుర్తుచేయాలి? 30 రోజులని పెట్టాం. కొందరు ‘సీసా ఇంకా సగం కూడా అవలేదు’ అంటున్నారు.
— భీమవరం

జవాబు: అన్ని పచ్చళ్ళకీ ఒకే గడువు పెట్టడం వల్ల వచ్చింది. మీ ఆర్డర్ల ఫైలులో, ఒకే సరుకుని రెండుసార్లు కొన్నవాళ్ళని విడదీసి, ఒక్కొక్కరికీ మొదటి ఆర్డరుకీ రెండోదానికీ మధ్య ఎన్ని రోజులో రాయండి. ఆ అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి. సగటు తీయకండి. ఏడాది తరవాత తిరిగొచ్చిన ఇద్దరు దాన్ని ఎటో లాగేస్తారు. ఆ మధ్య అంకెలోంచి డెలివరీకి పట్టే రోజులూ, ఇంకో మూడూ తీసేయండి. గోంగూర 250 గ్రాములకి 34 వస్తే, డెలివరీ 4 రోజులైతే, 27వ రోజు మెయిల్. లెక్క మొదలవ్వాల్సింది ఆర్డరు రోజు నుంచే, ఎందుకంటే మీరు కొలిచింది ఆర్డరు నుంచి ఆర్డరుకి.

ఆవకాయ, మాగాయలకి ఈ లెక్క వద్దు. అవి ఏడాదికి సరిపడా ఒకేసారి తీసుకునేవి. కిందటేడు కొన్నవాళ్ళకి కాయ దిగే ముందు, మార్చి చివర్లో ఒక మెయిల్, కలిపాక ఇంకొకటి చాలు. పెద్ద సీసా కొన్నవాళ్ళని చిన్న సీసా వరసలో కలపకండి. మళ్ళీ ఆర్డరిస్తే పాత గడువు రద్దయి కొత్తది మొదలవ్వాలి, లేకపోతే ఒకే మనిషికి రెండు వరసలు నడుస్తాయి.

ప్రశ్న: వద్దన్నవాళ్ళని లిస్టులోంచి డిలీట్ చేస్తున్నాం. అయినా వాళ్ళకి మళ్ళీ మెయిళ్ళు వెళ్తున్నాయి. చట్టం ఏమంటుంది?
— యోగా తరగతుల నిర్వాహకురాలు, వరంగల్

జవాబు: డిలీట్ చేయడమే తప్పు. డిలీట్ చేస్తే ఒకావిడ వద్దన్న సంగతి కూడా చెరిగిపోతుంది. తరవాత పాత ఎక్సెల్ షీటు మళ్ళీ ఎక్కించినప్పుడు కొత్త మనిషిలా లోపలికి వస్తుంది. పేరుని అలాగే ఉంచి ‘అన్‌సబ్‌స్క్రైబ్డ్’ గుర్తు వేయండి, ఎన్నిసార్లు ఎక్కించినా సాఫ్ట్‌వేర్ ఆపుతుంది. ఒక వరస నుంచి తప్పుకుంటే మిగతా వరసలు కూడా ఆగుతున్నాయో లేదో చూడండి. వరసకో లిస్టు పెట్టుకున్నవాళ్ళకి ఇక్కడే చెడుతుంది. లిస్టు ఒకటే ఉంచి ట్యాగులతో విడదీయండి.

మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, వ్యాపారాల మీద ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తరవాత అమల్లోకి వస్తాయి. మీకు సంబంధించిన సారం: దేనికోసం అడ్రసు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి అనుమతి తీసుకోవాలి, అనుమతి ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కిందికి రాదు. మీకు అమెరికాలో కూడా విద్యార్థులున్నారని రాశారు కాబట్టి అక్కడి 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం ప్రతి మార్కెటింగ్ మెయిల్ కిందా మీ పోస్టల్ చిరునామా ఉండాలి, వద్దన్నాక 10 పనిదినాల్లో ఆపాలి. జీమెయిల్ పెద్ద ఎత్తున పంపేవాళ్ళకి పెట్టిన గడువు ఇంకా తక్కువ, 2 రోజులు. ‘వద్దంటే లాగిన్ అవ్వండి’ అనకండి. పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది?

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ఆన్ చేసేముందు ఎలా పరీక్షించాలి?
— పలువురు

జవాబు: జోహో క్యాంపెయిన్స్, బ్రెవో, మెయిలర్‌లైట్, మెయిల్‌చింప్ అన్నిటిలోనూ పైన చెప్పిన వరసలు కట్టొచ్చు. ధర దేని మీదో చూడండి. కొన్ని లిస్టులో ఎంతమంది ఉన్నారని వసూలు చేస్తాయి, కొన్ని ఎన్ని మెయిళ్ళు పంపారని. ఎక్కువమంది ఉండి తక్కువ పంపేవాళ్ళకి రెండోది చవక. ఉచిత ప్లాన్‌లో రోజుకి ఇన్నే అని హద్దు ఉంటే, మీరు పండగ మెయిల్ అందరికీ పంపిన రోజు కొత్తగా చేరినవాళ్ళ వెల్‌కమ్ మెయిల్ ఆగిపోతుంది. అమెజాన్ ఎస్‌ఈఎస్ వెయ్యి మెయిళ్ళకి 10 సెంట్లే, కానీ అది పంపడమే చేస్తుంది. వరసలు, షరతులు మీరే కట్టుకోవాలి, ప్రోగ్రామింగ్ తెలిసిన మనిషి తోడుంటే తప్ప జోలికి పోవద్దు.

పరీక్షకి జీమెయిల్‌లో ఒక వెసులుబాటు ఉంది. మీ అడ్రసులో ‘ఎట్’ గుర్తుకి ముందు ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా మెయిల్ మీకే వస్తుంది, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అది వేరే మనిషి. అలా నలుగురిని చేర్చండి: ఏమీ చేయనివాడు, మధ్యలో కొన్నవాడు, పేరు ఇవ్వనివాడు, రెండో మెయిల్‌కి తప్పుకున్నవాడు. రోజుల విరామాలని నిమిషాలకి కుదించి నడపండి. కొన్నవాడికీ తప్పుకున్నవాడికీ ఆ తరవాత ఒక్కటి కూడా రాకూడదు. అయ్యాక నిమిషాలని తిరిగి రోజులు చేయడం మర్చిపోతే, మొదటి కస్టమర్‌కి అరగంటలో ఐదు మెయిళ్ళూ వెళ్తాయి. ఇది వింతగా అనిపిస్తుంది కానీ తరచూ జరిగేదే.

నడుస్తున్న వరసలో మెయిల్ మాటలు మార్చొచ్చు, తరవాత అందుకునేవాళ్ళకి కొత్తవి వెళ్తాయి. మెట్లు తీయడం, జరపడం మాత్రం చేయకండి, విరామంలో ఉన్నవాళ్ళు కొన్ని సాఫ్ట్‌వేర్లలో తర్వాతి మెట్టుకి దూకుతారు, కొన్నిటిలో బయటికి పడిపోతారు. వరసని కాపీ చేసి, కాపీలో మార్చి, కొత్తగా చేరేవాళ్ళని దాంట్లోకి మళ్ళించండి. పాతదాంట్లో ఉన్నవాళ్ళు పూర్తయ్యేదాకా దాన్ని అలాగే నడవనిచ్చి, లోపల ఎవరూ మిగలలేదని అంకె సున్నా చూపించాకే ఆపండి.